రొట్టెయు బాప్తిస్మమును: ఒంగోలు క్లౌ దొరగారి జీవితము

యోహాను సువార్త 6వ అధ్యాయములో మన ప్రభువు ఆకలిగొన్న అయిదువేలమందికి రొట్టెలు పంచిపెట్టెను. మరునాడు ఆ జనులే సముద్రము దాటి ఆయనను వెదకికొనుచు రాగా, రొట్టెల నిమిత్తమే వారు వచ్చిరని ఆయన తేటగా చెప్పెను. ఆయన ఆకలిని చూచి ఊరకుండలేదు. ఆ ఆకలిని ఎరగా చేసి శిష్యులను పట్టుకొననూ లేదు. ఈ రెండు సంగతులను ఒక్క జీవితములో చూపిన సంఘకాపరి మన తెలుగు దేశములో ఒకరుండిరి. ఆయనే డాక్టర్ జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు. ఈ నెల వారి చరిత్రను మన సంఘముల ముందు ఉంచుచున్నాము.

క్లౌ దొరగారు 1836 జూలై 16న అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రములో జన్మించిరి. యౌవనములో మిన్నెసోటా ప్రాంతమున భూములు కొలుచు సర్వే పనిలో నుండిరి. గొలుసు పట్టి నేల కొలిచిన ఆ చేతులను దేవుడు తరువాత ఎట్లు వాడుకొనెనో చూడుడి. 1864లో ఓడ ఎక్కి, మరుసటి సంవత్సరము నెల్లూరు చేరిరి. 1866లో ఒంగోలులో కాపురముండిరి. 1867 జనవరి 1న ఎనిమిదిమందితో ఒంగోలు సంఘము ఏర్పడెను.

ఆ దినములలో తోలు వ్యాపారము చేయు యర్రగుంట్ల పేరయ్య అను మాదిగ సహోదరుడు బాప్తిస్మము పొంది, తన బంధువుల పల్లెలన్నిటికి సువార్త మోసెను. దొరగారికంటె ముందు ఆయన అడుగులే ఆ పల్లెలకు దారి వేసెనని చెప్పవలెను. కాని పల్లెల పేదలు సంఘమునకు వచ్చుట చూచి, బడికి పిల్లలను పంపు అగ్రకులములవారు అభ్యంతరపడిరి. వీరిని చేర్చుకొనినయెడల మేము రామనిరి. దొరగారు ఎటు తోచక ప్రార్థించుచు బైబిలు తెరవగా 1 కొరింథీయులకు 1వ అధ్యాయము 26వ వచనము కనబడెను; వేరొక గదిలో ఆయన భార్య హారియెట్ అమ్మగారికిని ఆ వచనమే దొరకెనట. లోకము త్రోసివేసినవారిని దేవుడు ఏర్పరచుకొనునను ఆ మాటను పట్టుకొని, వారు పేదలకు తలుపు తెరచిరి.

అటుతరువాత 1876 మొదలు 1878 వరకు ధాత కరువు వచ్చెను. మద్రాసు రాజధానిలో లక్షలకొలది జనులు చనిపోయిరి. కూలి లేదు, గింజ లేదు. అప్పుడు దొరగారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకమును ప్రభుత్వమునొద్ద గుత్తకు తీసికొనిరి. చిన్ననాటి సర్వే విద్య ఇచ్చట అక్కరకు వచ్చెను. వేలమంది పార పట్టి త్రవ్విరి, తట్టలతో మన్ను మోసిరి. సువార్తికులే మేస్త్రీలై, పగలు పని చూచుచు, ప్రొద్దుగూకిన తరువాత కూలివారితో కూర్చుండి, ప్రయాసపడువారిని పిలుచు ప్రభువును గూర్చి చెప్పిరి. బిచ్చము గాక కూలి దొరకుటచేత జనులు తలవంచుకొనక అన్నము తినిరి.

ఆ సమయమున అనేకులు బాప్తిస్మము అడిగిరి. దొరగారు ఇయ్యలేదు. సుమారు పదునైదు నెలలు ఆ తలుపు మూసియుంచిరి. అన్నము కొరకు ఎవడును క్రీస్తు నామము ధరింపకూడదనియు, క్రీస్తు నామము ధరింపలేదని ఎవనికిని అన్నము తక్కువ కాకూడదనియు ఆయన కోరిక. పంటకాలములోనే కోత కోయక నిలుచుట ఎంత కష్టమో సేద్యము చేయు మీకు తెలియును.

కరువు సహాయము ముగిసినది. ఇక డబ్బు లేదని దొరగారు ప్రకటించిరి. అయినను జనులు వచ్చిరి. మాకు డబ్బు వద్దు, బాప్తిస్మమే కావలెననిరి. ఒంగోలులో మశూచి యుండుటచేత గుండ్లకమ్మ నది ఒడ్డున వెల్లంపల్లి యొద్ద కూడిరి. 1878 జూలై 3న ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. దొరగారు ఆ దినమున తామే నీటిలోనికి దిగలేదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఒక్కొక్కసారి ఇద్దరు చొప్పున, ఆ పని జరిగించిరి. ఆ సంవత్సరాంతమునకు లెక్క 9,606 ఆయెను. దొరగారు 1910 నవంబరు 24న అమెరికాలోని రోచెస్టరు పట్టణమున ప్రభునందు నిద్రించిరి.

ఒంగోలు మనకు దూరమని తలంపవద్దు. అక్కడ క్లౌ దొరగారితో పనిచేసిన జాన్ మెక్లారిన్ దొరగారే 1874లో కాకినాడకు వెళ్ళి, తెలుగు సేవకుడైన తామస్ గాబ్రియేలుగారి పనితో చేయి కలిపిరి. అట్లు మొదలైన కెనడా బాప్తిస్టు పరిచర్య ఉత్తరముగా సాగి మన అనకాపల్లి సీమకు వచ్చెను. కాబట్టి ఆ కాలువ గట్టున నేర్చిన పాఠము మనకును చెందినదే.

2014లో హుద్‌హుద్ తుపాను మన చెరకు తోటలను, ఇండ్లను పడగొట్టినది. అట్టి ఆపద మరల రావచ్చును. అప్పుడు బియ్యము పంచునపుడు మన చేయి ఎవరి ఇంటిముందు ఆగును? గుడికి వచ్చువాడా, రానివాడా యని అడుగుదుమా? పొరుగువాని ఆకలి మన సంఘపు లెక్క పెంచుకొనుటకు ఇయ్యబడినది కాదు. ఈ నెలలో ప్రతి సంఘము తన గ్రామములోని బీద కుటుంబమునొకదానిని, ఏ మతమని అడుగక, జ్ఞాపకము చేసికొనుమని వేడుకొనుచున్నాము. రొట్టె ఇచ్చు మనస్సును, ఇచ్చి ఊరకుండు ఓర్పును ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.