ఘటోత్కచుడి గొంతు: మాధవపెద్ది సత్యం

మాయాబజార్ (1957)లో పెళ్లివంటలన్నీ లాగించేసే ఘటోత్కచుణ్ణి మన పిల్లలు కూడా ఇట్టే గుర్తుపడతారు. తెరమీద ఎస్వీ రంగారావు గారు. పాట మాత్రం మాధవపెద్ది సత్యం గారిది.

1922లో పొన్నూరు దగ్గర బ్రాహ్మణకోడూరులో పుట్టారు. నాటకాల పద్యాలతో పదునెక్కిన బరువైన గొంతు. కోటప్పకొండ తిరునాళ్ల రాత్రి దూరం నుంచి మైకులో పద్యం విన్నవారికి అలాంటి గొంతు విలువ వేరే చెప్పక్కర్లేదు. అదే ఏడాది పుట్టిన ఘంటసాల గారికి కథానాయకుల పాటలు దక్కితే, సత్యం గారికి ఎక్కువగా రాక్షసులూ హాస్యగాళ్లూ మిగిలారు. అందులో కొంత అన్యాయం ఉందనే మాకనిపిస్తుంది. అయినా కులగోత్రాలు (1962)లో పిఠాపురం నాగేశ్వరరావు గారితో కలిసి పాడిన పేకాట పాట వినండి. నవ్విస్తూనే ఒక్క అక్షరం మింగరు.

2000 డిసెంబరులో కన్నుమూశారు. పెళ్లిభోజనాల దగ్గర ఆయన గొంతు ఇప్పటికీ మోగుతూనే ఉంది.