లుయీజీ రుస్సోలో

లుయీజీ రుస్సోలో (1885 - 1947) ఇటలీ దేశానికి చెందిన చిత్రకారుడు, సంగీత ప్రయోగశీలి. ఫ్యూచరిజం (భవిష్యవాదం) అనే కళోద్యమంలో ప్రముఖుడు. యంత్రాల రొదను సంగీతంగా వేదికపైకి తెచ్చిన తొలి కళాకారులలో ఒకడిగా ప్రసిద్ధి చెందాడు.

బాల్యం, చిత్రకళ

రుస్సోలో 1885లో ఈశాన్య ఇటలీలోని పోర్తొగ్రువారో పట్టణంలో జన్మించాడు. తండ్రి చర్చిలో ఆర్గన్ వాద్యకారుడు. సోదరులిద్దరూ మిలాన్ నగరంలో సంగీతం అభ్యసించగా, లుయీజీ మాత్రం చిత్రకళను ఎంచుకున్నాడు. లియొనార్డో డావిన్సీ గీసిన చివరి విందు కుడ్యచిత్రపు పునరుద్ధరణ పనులలో సహాయకుడిగా పనిచేశాడు. 1910లో బొచ్చోని, కర్రా, బల్లా, సెవెరీనీలతో కలసి ఫ్యూచరిస్టు చిత్రకారుల ప్రణాళికపై సంతకం చేశాడు. తిరుగుబాటు (1911), సంగీతం అనేవి ఇతని ముఖ్య చిత్రాలు.

శబ్దాల కళ

1913 మార్చి 11న స్వరకర్త ప్రతెల్లాకు లేఖ రూపంలో శబ్దాల కళ అనే ప్రణాళికను రచించాడు. యంత్రయుగంలో మనిషి చెవి కొత్త ధ్వనులకు అలవాటుపడిందని, పాత వాద్యబృందపు పరిమిత స్వరాలు ఇక చాలవని అందులో వాదించాడు. శబ్దాలను ఆరు వర్గాలుగా విభజించాడు:

* గర్జనలు, ఉరుములు, పేలుళ్ళు
* ఈలలు, బుసలు
* గుసగుసలు, గొణుగుళ్ళు
* కీచుమనే, కిర్రుమనే ధ్వనులు
* లోహం, చెక్క, చర్మం వంటి వాటిని కొట్టినపుడు పుట్టే ధ్వనులు
* మనుషుల, జంతువుల అరుపులు

ఈ ధ్వనులను పుట్టించుటకు చిత్రకారుడైన ఉగో పియాత్తీ సహాయంతో ఇంటోనరుమోరి అనే వాద్యాలను నిర్మించాడు. ఇవి ముందువైపు లోహపు బాకా గల చెక్క పెట్టెలు. పిడిని త్రిప్పగానే లోపలి చక్రం తీగను రాపిడి చేస్తుంది. తీగకు కట్టిన చర్మపు పొర ఆ కంపనాన్ని పెద్దది చేస్తుంది. మీటను జరిపి తీగ బిగువును, తద్వారా శ్రుతిని మార్చవచ్చు.

కచేరీలు

1913 జూన్‌లో మొదెనా నగరంలో ఒక వాద్యాన్ని తొలిసారి బహిరంగంగా ప్రదర్శించాడు. 1914 ఏప్రిల్ 21న మిలాన్‌లోని దాల్ వెర్మె నాటకశాలలో పూర్తి కచేరీ జరిగింది. ఒక నగరపు మేలుకొలుపు అనే రచన అందులో ఒకటి. ప్రేక్షకుల కేకలతో సభ రణరంగమైంది. ఇతని మిత్రులు జనంలోకి దిగి కలియబడుతుండగా రుస్సోలో వేదికపై వాద్యబృందాన్ని నడిపిస్తూనే ఉన్నాడు. అదే సంవత్సరం జూన్‌లో లండన్‌లోనూ కచేరీలు ఇచ్చాడు.

మొదటి ప్రపంచయుద్ధంలో స్వచ్ఛందంగా సైన్యంలో చేరి, 1917లో తలకు తీవ్ర గాయమై దీర్ఘకాలం చికిత్స పొందాడు. 1921లో సోదరుడు ఆంటోనియోతో కలసి ప్యారిస్‌లో కచేరీలు చేశాడు. తరువాత పలు ధ్వనులను ఒకే వాద్యంలో పొందుపరచి రుమొరార్మోనియోను రూపొందించి, మూకీ చిత్రాలకు నేపథ్యంగా వినియోగించాడు. టాకీల రాకతో దానికి ఆదరణ లేకపోయింది. 1929లో ప్యారిస్‌లో చివరి ప్రదర్శన ఇచ్చాడు.

చివరి దశ

1933లో ఇటలీకి తిరిగివచ్చి మజ్జోరె సరస్సు తీరాన చెర్రోలో స్థిరపడ్డాడు. తత్త్వచింతనలో మునిగి, అనంతరం మరల కుంచె పట్టాడు. 1947 ఫిబ్రవరిలో అక్కడే మరణించాడు.

ప్రభావం

ఇతని అసలు వాద్యాలేవీ మిగలలేదు. నగరపు మేలుకొలుపు స్వరలిపిలో కొద్ది భాగం, 1921 నాటి ఒక గ్రామఫోను రికార్డు మాత్రమే లభిస్తున్నాయి. ఆ రికార్డులోనూ మామూలు వాద్యబృందపు స్వరాల నడుమనే ఇతని వాద్యాలు వినిపిస్తాయి. అయినప్పటికీ ఇతని భావాలు జాన్ కేజ్ వంటి స్వరకర్తలను ప్రభావితం చేశాయి. 2009లో అమెరికాలో ఈ వాద్యాలను పునర్నిర్మించి కచేరీలు నిర్వహించారు.