సుబ్బరామ దీక్షితులు - స్వరలేఖనము

కర్ణాటక సంగీతమునకు తెలుగు లిపిలో మహాగ్రంథమును సమకూర్చిన సుబ్బరామ దీక్షితులు 1839లో తిరువారూరున జన్మించిరి. ముత్తుస్వామి దీక్షితుల తమ్ములగు బాలుస్వామి దీక్షితులు వీరికి మాతామహులు. వారే దౌహిత్రుని దత్తత చేసికొని, గానమును వీణను నేర్పిరి. పిమ్మట సుబ్బరామ దీక్షితులు ఎట్టయపుర సంస్థానమున ఆస్థాన విద్వాంసులైరి.

ఆ వంశమున విద్య గురుముఖమున గ్రహింపవలసినది. ముత్తుస్వామి దీక్షితులు 1835లో ఎట్టయపురముననే దివంగతులు కాగా, వారి కృతులు ప్రధానముగా శిష్యుల కంఠములందు నిలిచియుండెను. కంఠము మాఱినకొలది పాఠము మాఱును; శిష్యుడు లేనిచో కృతియే నశించును. ఈ భయము గ్రహించినవారు మద్రాసునందలి ఏ. ఎం. చిన్నస్వామి ముదలియారు. క్రైస్తవులైన వీరు మన కృతులను ఐరోపా స్వరలిపిలో ప్రకటింప బూని, దీక్షితుల నాశ్రయించిరి. కుటుంబధనముగా దాచిన విద్యను లోకమున కిచ్చుటకు దీక్షితులు మొదట సంకోచించిరి. ముదలియారి ప్రార్థనయు, ఎట్టయపుర ప్రభువు ప్రోత్సాహమును ఆ సంకోచమును తొలగించెను.

అయితే గానమును వ్రాతలో నిలుపుట సులభము కాదు. ఐరోపా లిపిలో జంటగీత చెంత రెండు చుక్కలున్నచో ఆ భాగమును మరల వాయింపవలెను. ముగింపు మాఱినచో మొదటి పర్యాయమునకొకటి, రెండవ పర్యాయమునకొకటి అంకెలతో చూపుదురు. మన కృతి నడక వేఱు. పల్లవి సంగతి సంగతికి మాఱుచు మరల వచ్చును. అనుపల్లవి, చరణముల పిదప గాయకుడు పల్లవికి మరలును. ఎడుపు సమము దాటి యున్నచో సాహిత్యపాదము ముగియు చోటును, ఆవర్తము ముగియు చోటును ఒకటి కావు. కనుక గీత పాదమును గాక తాళమును అనుసరింపవలెను. ఆదితాళమున 4, 2, 2 అక్షరముల అంగములు విడివడి, ఆవర్తాంతము స్పష్టమైననే పల్లవిని తిరిగి అందుకొను చోటు దొరకును. దీక్షితులు తాళవిభాగముతోపాటు హ్రస్వదీర్ఘములచే స్వరకాలమును, ప్రత్యేక చిహ్నములచే కంపితము, స్ఫురితము మున్నగు గమకములను నిర్దేశించిరి.

ఈ శ్రమకు ఫలముగా 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' 1904లో ఎట్టయపుర విద్యావిలాసినీ ముద్రాక్షరశాలయందు అచ్చయ్యెను. 72 రాగాంగ రాగముల క్రమమున కృతులును, వాగ్గేయకారుల చరిత్రములును అందు కలవు. ముదలియారు దానిని చూడకయే గతించిరి. 1906లో దీక్షితులు పరమపదించిరి.

తమిళదేశమున తెలుగు లిపిలో వెలువడిన ఆ గ్రంథమును మద్రాసు సంగీత అకాడమీ 1961 నుండి తమిళ లిపిలో ప్రకటించెను. వంశమునకు పరిమితమై యుండవలసిన పాఠము రెండు లిపులలో పరిశోధకులకు దక్కెను.