రిటైరయ్యే వయసులో ప్రొఫెసరైన ఓమ్ మహాశయుడు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాయమన్నారు. దేశనాయకుల గురించి రాసేవారు చాలామంది ఉంటారు కనుక, మన ఇళ్లలో నిత్యం పని చేస్తూ కూడా ఎవరికీ గుర్తురాని ఒకాయనను ఎన్నుకున్నాను. ఆయన జార్జ్ సైమన్ ఓమ్. ఓం అంటే మనకు ప్రణవం. ఎలక్ట్రీషియను మీటరు కొలిచే ఓమ్ మాత్రం ఈ జర్మన్ బడిపంతులు పేరు.

1789 మార్చి 16న ఎర్లాంగెన్ పట్టణంలో పుట్టాడు. తండ్రి తాళాలు చేసే పనివాడు. పెద్ద చదువు లేకపోయినా సొంతంగా గణితం నేర్చుకుని కొడుకులకు తానే చెప్పాడు. తల్లి ఓమ్ పదేళ్ల వయసులో పోయింది. 1805లో విశ్వవిద్యాలయంలో చేరిన కుర్రవాడు డాన్సులు, మంచు మీద స్కేటింగు, బిలియర్డ్స్‌లో పడితే తండ్రి ఊరుకోలేదు. చదువు మాన్పించి స్విట్జర్లాండుకు పంపేశాడు. అక్కడ లెక్కల పంతులుగా బతికి, తిరిగి వచ్చి 1811లో డాక్టరేటు పొందాడు. 1817లో కొలోన్ నగరంలో ఒక ఉన్నత పాఠశాలలో కుదురుకున్నాడు. అక్కడ ప్రయోగశాల ఉంది. పరికరాలు తానే చేసుకునేవాడు.

తీగ పొడవు పెరిగితే కరెంటు ఎంత తగ్గుతుందన్నది ఆయన ప్రశ్న. చిక్కు బ్యాటరీతో వచ్చింది. ఆనాటి బ్యాటరీ బలం చూస్తుండగానే పడిపోయేది. అందువల్ల 1825లో వచ్చిన లెక్క సరిపడలేదు. పోగెన్‌డార్ఫ్ అనే శాస్త్ర పత్రిక సంపాదకుడు బ్యాటరీ మానేసి వేడితో కరెంటు పుట్టించమని సలహా ఇచ్చాడు. ఓమ్ బిస్మత్, రాగి కలిపి, ఒక అతుకును మరిగే నీళ్లలో, రెండోదానిని మంచులో ఉంచాడు. కరెంటు నిలకడగా వచ్చింది. 2 అంగుళాలు మొదలు 130 అంగుళాల దాకా ఎనిమిది రాగి తీగలు ఒక్కొక్కటే తగిలించి, అయస్కాంత సూది ఎంత తిరిగిందో రాసుకున్నాడు. వోల్టేజిని నిరోధంతో భాగిస్తే కరెంటు వస్తుందన్న నియమం ఇలా 1826లో తేలింది.

ఈ లెక్క మనకెందుకని అడిగేవారికి గీజరు సంగతి చెబుతాను. మొన్న చలికాలం మా గాంధీనగర్ ఇంట్లో గీజరు దీపం వెలుగుతోంది, నీళ్లు మాత్రం చల్లగానే వస్తున్నాయి. ఎలక్ట్రీషియను కుర్రవాడు ముందు మెయిన్ ఆపి, ప్లగ్గు ఊడదీశాడు. ఓములు చూసేటప్పుడు మీటరు తన చిన్న బ్యాటరీ కరెంటునే పంపి కొలుస్తుంది, లైను కరెంటు ఉండకూడదు. థర్మోస్టాట్ రెండు కొసల మధ్య దారి బాగానే ఉంది. హీటింగ్ కాయిల్ రెండు కొసలకూ మీటరు తీగలు ఆనించాడు. ఏమీ చూపలేదు. కాయిల్ లోపల తెగిపోయిందన్నమాట. 230 వోల్టుల మీద 2000 వాట్ల కాయిల్ సుమారు 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది కనుక, బాగున్న కాయిల్ దాదాపు 26 ఓములు చూపాలి. కొత్తది వేశాక అంతే చూపింది. అయినా అతను వదలలేదు. కాయిల్ కొసకూ ట్యాంకు లోహానికీ మధ్య కూడా చూశాడు. అక్కడ దారి కనిపిస్తే ప్రమాదం. కరెంటు ట్యాంకులోకి దిగుతోందన్నమాట. అప్పుడు ఎర్తింగ్ సరిగా లేకపోతే కుళాయి ముట్టుకున్నవాడికి ప్రాణాంతకం. ఆ పరీక్ష చేయకుండా వెళ్లబోయే మనిషిని సభ్యులు ఆపి అడగాలని నా మనవి. మన వయసులో మూత విప్పి మనమే చూడబోవడం అసలే వద్దు.

అమెరికాలో మన పిల్లల ఇళ్లకు ఇల్లంతా వెచ్చబరిచే ఫర్నేసు ఉంటుంది. గోడ మీది థర్మోస్టాట్ నుంచి వెళ్లే తీగలు సాధారణంగా 24 వోల్టులవి. వోల్టులు వేరైనా తెగిన చోటు కనిపెట్టే పద్ధతి ఇదే.

ఇక పంతులుగారి సర్వీసు సంగతి. 1826లో పరిశోధన కోసం ఏడాది సెలవు అడిగితే సగం జీతం మీద ఇచ్చారు. హాఫ్ పే లీవు కష్టం మనలో చాలామందికి తెలిసినదే. ఆ సెలవులో బెర్లిన్‌లో కూర్చుని రాసిన పుస్తకం 1827లో వచ్చింది. దాని బలంతో విశ్వవిద్యాలయంలో ఉద్యోగం వస్తుందనుకున్నాడు. రాలేదు. ప్రకృతి విషయాలను గణితంతో చెప్పడం అక్కడి పెద్దలకు రుచించలేదు, కొందరు ఎగతాళి చేశారు. ఓమ్ 1828లో కొలోన్ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, బెర్లిన్‌లో చిన్నాచితకా పాఠాలతో గడిపాడు. ఆత్మాభిమానం అనండి, మొండితనం అనండి, నాకు రెండూ కనిపిస్తాయి. 1833లో న్యూరెంబర్గ్ పాలిటెక్నిక్‌లో చోటు దొరికింది.

సొంత దేశం తగినట్టు గుర్తించక ముందే, 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చింది. కోరుకున్న ప్రొఫెసరు పదవి మ్యూనిక్‌లో 1852లో వచ్చింది. అప్పటికి 63 ఏళ్లు. అనుభవించింది రెండేళ్లే. 1854 జూలై 6న కన్నుమూశాడు. పెళ్లి చేసుకోలేదు. 1881లో పారిస్‌లో సమావేశమైన అంతర్జాతీయ విద్యుత్ మహాసభ నిరోధం కొలతకు ఓమ్ అనే పేరు ఖాయం చేసింది.