కీర్తనల కవి పురుషోత్తమ చౌదరి

పిల్లలూ, మీ సొంత ఊరేది అని ఎవరైనా అడిగితే మీలో చాలామంది తడుముకుంటారు. పుట్టింది ఒకచోట, బడిలో చేరింది మరోచోట, ఇప్పుడు ఉంటున్నది ఇందిరాపురంలో. బదిలీ ఉత్తర్వు వచ్చినప్పుడల్లా పెట్టెలు సర్దుకునే నాకూ ఆ ప్రశ్న కష్టమే. దానికి ఒక్క మాటలో జవాబు చెప్పలేని తెలుగు కవి ఒకాయన ఉన్నారు. ఆయనే పురుషోత్తమ చౌదరి.

ఆయన 1803లో పర్లాకిమిడి ప్రాంతంలోని మదనపురంలో పుట్టారు. అప్పట్లో పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు అందులో చేరింది. వారిది బెంగాల్ నుంచి వచ్చి అక్కడ స్థిరపడిన బ్రాహ్మణ కుటుంబం. చుట్టుపక్కల వినిపించేవి తెలుగు, ఒడియా. చౌదరిగారు ఆ రెండు భాషలతో పాటు సంస్కృతం కూడా నేర్చుకున్నారు.

చిన్నప్పటి నుంచి ఆయనకు దైవచింతన ఎక్కువ. ఆ రోజుల్లో క్రైస్తవ ప్రచారకులు చిన్న చిన్న అచ్చు పుస్తకాలు పంచేవారు. వాటిని చదివి, ఆలోచించి, చివరికి ఒక నిర్ణయానికి వచ్చారు. 1833లో, 30 ఏళ్ల వయసులో, కటకంలో బాప్తిస్మం తీసుకున్నారు. జంధ్యం తీసేశారు.

ఇప్పుడు మన రాజ్యాంగంలోని 25వ అధికరణం ఎవరి మనస్సాక్షి ప్రకారం వారు నడుచుకునే స్వేచ్ఛ ఇస్తోంది. అప్పుడు అలాంటి రక్షణ లేదు. మతం మారినవాడిని కులం నుంచి వెలివేసేవారు. అతనితో కలిసి ఎవరూ భోజనం చేయరు. తాతల ఆస్తిలో వాటా కూడా పోయేది. మతం మారినా ఆస్తి హక్కు పోకూడదని దేశంలో చట్టం వచ్చింది 1850లో. అంటే చౌదరిగారి బాప్తిస్మం తర్వాత 17 ఏళ్లకు.

అన్నిటికంటే పెద్ద కష్టం ఇంట్లోనే ఎదురైంది. ఆయన భార్య ఈ మార్పుకు ఒప్పుకోలేదు. బంధువులు కూడా అడ్డుపడ్డారు. ఆమెనూ తప్పుపట్టలేం. భర్త వెంట వెళితే పుట్టింటి గడప మళ్లీ తొక్కే వీలుండదు. పిల్లల పెళ్లిళ్లు ఎలా జరుగుతాయో తెలియదు. ఒకవైపు తాను నమ్మిన దేవుడు, మరోవైపు తన ఇల్లు. ఆయన నమ్మకం వదులుకోలేదు, ఇంటి మీద ఆశా వదులుకోలేదు. కొంతకాలానికి ఆమె పిల్లలను తీసుకుని ఆయన దగ్గరికి వచ్చేశారు.

తర్వాత ఆయన జీవితమంతా ప్రయాణాలే. విశాఖపట్నం, శ్రీకాకుళం, బరంపురం ప్రాంతాల్లో ఏళ్ల తరబడి ప్రచారం చేశారు. కులభేదాలను ప్రశ్నిస్తూ కులాచార పరీక్ష అనే పుస్తకం రాశారు. విన్నవాళ్లూ ఉన్నారు, వెళ్లగొట్టినవాళ్లూ ఉన్నారు.

ఇక్కడ మీరు గమనించవలసిన సంగతి ఒకటుంది. ఆ కాలంలో ప్రార్థన పాటలంటే చాలావరకు ఇంగ్లీషు పాటలకు అనువాదాలే. బాణీ కూడా అక్కడిదే. చౌదరిగారు అలా రాయలేదు. మన రాగాలు, మన తాళాలు తీసుకున్నారు. పల్లవి, చరణాలతో, మన భజనల్లో పాడుకున్నట్టే పాడుకునేలా కీర్తనలు కట్టారు. తనను వెలివేసిన ఇంట్లో నేర్చుకున్న చదువునీ, విన్న సంగీతాన్నీ ఆయన వెలివేయలేదు. దేవుణ్ణి పిలిచే పేరు మారింది కానీ పిలిచే భాష మారలేదు.

1890లో, 80 ఏళ్లు పైబడిన వయసులో, ఆయన కన్నుమూశారు. ఆయన కీర్తనలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు అనే పుస్తకంలో చేరి, ఇప్పటికీ తెలుగు చర్చిల్లో వినిపిస్తున్నాయి.

పూర్వీకులది బెంగాల్, పుట్టిన ప్రాంతం ఇప్పుడు ఒడిశా, పాట మాత్రం తెలుగు. ఈసారి సెలవుల్లో ఊరు వెళ్లినప్పుడు మీ అమ్మమ్మనో, పక్కింటి మామ్మగారినో ఒక పాత క్రైస్తవ కీర్తన పాడమని అడగండి. ఎవరు రాశారో కూడా అడగండి. ఆయన పేరు వినబడవచ్చు.