వాంకెల్‌కి నచ్చని వాంకెల్ ఇంజిన్

అమెరికాలో కొందరు ఇంటి గరాజ్‌లోనే రెండు సీట్ల విమానం కట్టుకుంటారు. రెక్కలకి రివెట్లు కూడా వాళ్ళే కొట్టుకుంటారు. ఇంజిన్ దగ్గరకొచ్చేసరికి వాళ్ళలో కొంతమంది పాత మాజ్డా ఆర్ఎక్స్-7 కారులోంచి 13బి అనే రోటరీ ఇంజిన్ తీసి బిగిస్తారు. దాంట్లో పిస్టన్లు ఉండవు. మూడు మూలల రోటర్ ఒకటి, నడుము దగ్గర నొక్కిన కోడిగుడ్డు లాంటి గదిలో తిరుగుతూ ఉంటుంది. దాన్ని బ్యాలెన్స్ ఎలా చేస్తారో చదువుదామని కూర్చున్నాను. చివరికి ఫీలిక్స్ వాంకెల్ అనే జర్మన్ దగ్గర ఆగిపోయాను. నేను సీఎస్ఈ, మెకానికల్ వాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

వాంకెల్ 1902లో లార్ అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి అటవీ అధికారి, మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయాడు. ఇంట్లో డబ్బుల్లేవు, కాలేజీ చదువు లేదు. అంటే మనందరం నాలుగేళ్ళు కష్టపడి తెచ్చుకునే ఆ డిగ్రీ కాగితం ఆయన దగ్గర లేదన్నమాట. హైడెల్‌బర్గ్‌లో పుస్తకాల ప్రచురణ సంస్థలో పని చేస్తూ, 1924లో సొంతంగా చిన్న వర్క్‌షాప్ పెట్టుకున్నాడు. 1929లో మొదటి పేటెంట్ వచ్చింది.

ఇక్కడ కొన్ని వ్యాసాలు ఒక్క జంప్ కొట్టి 1950ల్లోకి వెళ్ళిపోతాయి. మధ్యలో ఉన్నది చెప్పకుండా వదిలేయడం నాకు సరైంది అనిపించలేదు. వాంకెల్ నాజీ. ఎవరో బలవంతం చేస్తే కాదు, ఇరవై ఏళ్ళ వయసులో, 1922లోనే పార్టీలో చేరాడు. కుర్రాళ్ళకి సైనిక తరహా ట్రైనింగ్ ఇచ్చాడు. తర్వాత సొంత పార్టీ నాయకుడితోనే గొడవపడి 1933లో కొన్ని నెలలు జైల్లో ఉన్నాడు. విడిపించింది కూడా హిట్లర్ చుట్టూ ఉన్నవాళ్ళే. 1936 నుంచి విమానయాన శాఖ డబ్బుతో లిండావ్‌లో వర్క్‌షాప్ నడిపాడు. యుద్ధ విమానాల ఇంజిన్లకి తిరిగే వాల్వులు, వాటికి గ్యాస్ లీకవకుండా సీల్స్, ఇదీ ఆయన పని. 1940లో ఎస్ఎస్‌లోనూ చేరాడు, రెండేళ్ళకి తీసేశారు. యుద్ధం అయ్యాక ఫ్రెంచి వాళ్ళు అరెస్ట్ చేసి వర్క్‌షాప్ విప్పేశారు. తర్వాత ఆయనకి పేరు తెచ్చిన సీలింగ్ పరిజ్ఞానంలో చాలా భాగం ఆ లిండావ్ రోజుల్లోదే. ఈ ముక్క తీసేసి ఇంజిన్ కథ చెప్పడం కుదరదు.

1951లో ఎన్ఎస్‌యూ కంపెనీతో ఒప్పందం కుదిరింది. 1957 ఫిబ్రవరి 1న మొదటి ఇంజిన్ తిరిగింది. పేరు డీకేఎం. మనం ఇప్పుడు యానిమేషన్లలో చూసే వాంకెల్ ఇంజిన్ ఇది కాదు! ఇందులో లోపలి రోటరూ తిరుగుతుంది, దాని చుట్టూ ఉన్న గదీ తిరుగుతుంది. రెండూ ఎవరి కేంద్రం చుట్టూ వాళ్ళు. ఏదీ ఇటూ అటూ ఊగదు కాబట్టి బ్యాలెన్స్ పుట్టుకతోనే వచ్చేసింది. నిమిషానికి 17,000 చుట్లు తిరిగేది. కానీ స్పార్క్ ప్లగ్ మార్చాలంటే ఇంజిన్ మొత్తం విప్పాలి. ఇలాంటిది ఏ మెకానిక్ ముట్టుకుంటాడు?

ఎన్ఎస్‌యూ ఇంజనీర్ హాన్స్ డీటర్ పాష్కె గదిని కదలకుండా బిగించి, రోటర్‌ని మాత్రం తిప్పాడు. అది కేకేఎం. వాంకెల్‌కి ఒళ్ళు మండింది. తన రేసుగుర్రాన్ని బండిగుర్రం చేశారని బాధపడ్డాడట. నిజంగానే నష్టం జరిగింది మరి. రోటర్ కేంద్రం ఇప్పుడు షాఫ్ట్ చుట్టూ చిన్న వృత్తంలో తిరుగుతుంది, వాషింగ్ మెషీన్‌లో తడి దుప్పటి ఒక పక్కకి చేరినట్టు. 13బిలో ఆ వృత్తం వ్యాసార్థం 15 మిల్లీమీటర్లే. రోటర్ బరువు నాలుగు కిలోలు అనుకుని, షాఫ్ట్ నిమిషానికి 6,000 చుట్లు తిరుగుతోందని లెక్క వేశాను. బయటకి లాగే బలం దాదాపు 2.4 టన్నుల బరువంత వచ్చింది. నమ్మలేక పైథాన్‌లో మళ్ళీ వేశాను. అంతే వచ్చింది.

అయితే ఆ బలం షాఫ్ట్‌తో పాటు గుండ్రంగా తిరుగుతుందే తప్ప ఎక్కువతక్కువలు కాదు. పిస్టన్ ఇంజిన్‌లో రెట్టింపు వేగంతో వచ్చే అదనపు కుదుపు ఇక్కడ లేదు. ఎదురుగా సరైన బరువు పెడితే, ఏ స్పీడ్‌లోనైనా పూర్తిగా సరిపోతుంది. ఈ కౌంటర్ వెయిట్‌కి తెలుగేంటని మా అమ్మమ్మని అడిగితే, త్రాసులో పళ్ళేలు సమం చేయడానికి కట్టేదాన్ని పాసంగం అంటారంది. నాకు భలే నచ్చింది.

13బిలో రెండు రోటర్లు. ఒకటి పైకి లాగితే ఇంకోటి కిందికి లాగుతుంది, మొత్తం సున్నా. కానీ రెండూ ఒకే చోట లేవు కదా. సైకిల్ హ్యాండిల్‌ని ఒక చేత్తో నెట్టి, ఇంకో చేత్తో లాగితే ఏమవుతుంది? అలా షాఫ్ట్ మెలికలు తిరగబోతుంది. అందుకే ముందొక పాసంగం, వెనకొకటి. మాన్యువల్ గేర్ కారులో వెనకది ఫ్లైవీల్‌లోనే కలిసి ఉంటుంది, ఆటోమేటిక్‌లో విడిగా ఉంటుంది. విమానానికి బరువైన ఫ్లైవీల్ అనవసరం కాబట్టి, సొంతంగా కట్టుకునేవాళ్ళు ఆ ఆటోమేటిక్ కారు ముక్కనే వెతుక్కుంటారు. రోటర్లు వేరే మోడల్‌వి వేస్తే పాసంగాలూ వాటికి తగ్గట్టు మారాలి. ఇది మర్చిపోతే కారులో అయితే పక్కకి ఆపుకోవచ్చు. గాల్లో?

ఎన్ఎస్‌యూకి ఈ ఇంజిన్ కలిసి రాలేదు. 1967లో వచ్చిన ఆర్‌ఓ 80 కారులో రోటర్ మూలల సీల్స్ అరిగిపోయి, వారంటీ ఖర్చులతో కంపెనీ కుదేలై, 1969లో ఫోక్స్‌వాగన్ చేతికి పోయింది. నిలబెట్టింది హిరోషిమాలోని మాజ్డా, కెనిచి యమమోటో టీమ్. అదే పెద్ద కథ, ఇంకో సంచికలో రాస్తాను.

వాంకెల్‌కి మాత్రం డబ్బొచ్చింది, 1969లో మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ గౌరవ డాక్టరేట్ వచ్చింది. జంతువుల మీద ప్రయోగాలు ఆపాలని పోరాడాడు. ముసలితనంలో పుట్టిన ఈ దయకి, కుర్రతనంలో వేసుకున్న ఆ యూనిఫాంకి మధ్య లంకె ఏంటో నాకైతే అంతుపట్టలేదు. చూపు బాగా తక్కువ కావడంతో ఆయనకి డ్రైవింగ్ లైసెన్స్ ఎప్పుడూ లేదు. ఆర్‌ఓ 80 ఉండేది గానీ డ్రైవర్ నడిపితే పక్కన కూర్చునేవాడు. 1988 అక్టోబర్ 9న హైడెల్‌బర్గ్‌లో పోయాడు. 1991లో మాజ్డా 787బి లె మాన్స్ 24 గంటల రేసు గెలిచింది. నాలుగు రోటర్లు, అన్నీ పాష్కె పద్ధతివే.