మన్రో - మన వీధిబడులు

రాయలసీమలో థామస్ మన్రో పేరు వినగానే పెద్దలకు రైతువారీ పద్ధతి స్ఫురించును. మంత్రాలయపు కథ, గండి కథ జ్ఞప్తికి వచ్చును. ఆయన పేరును బిడ్డలకు పెట్టుకొన్నవారును ఈ సీమలో కలరు. ఉపాధ్యాయులమైన మనకు మాత్రము ఆయన మఱియొక కారణమున తెలియదగినవాడు. మన వీధిబడులలో పిల్లలు ఏమి చదువుచున్నారని పాలకుడై యుండి శ్రద్ధతో అడిగినవాడాయన.

మన్రో 1761లో స్కాట్లండులోని గ్లాస్గో నగరమున జన్మించి, 1780లో సైనికోద్యోగిగా మద్రాసు చేరెను. 1800లో నిజాము ఈ మండలమును కుంపిణీకి దత్తము చేయగా, దానికి ప్రధాన కలెక్టరై 1807 వఱకు పనిచేసెను. గుడారములలో నివసించుచు ఊరూర తిరిగి పొలములు కొలిపించెను. ఎనుబదిమంది పాళెగాండ్రను అణచినవాడును ఈయనయే. ఆ కాఠిన్యమును మఱచి ఈయనను కేవలము దయామూర్తిగా చిత్రించుట చరిత్ర కానేరదు.

1820లో ఆయన మద్రాసు గవర్నరయ్యెను. 1822 జూన్ 25వ తేదీన ప్రతి జిల్లానుండియు బడుల పట్టిక తెప్పింపవలెనని వ్రాసెను. బడులెన్ని, పిల్లలెందఱు, వారు ఏ కులములవారు, ఎన్నేండ్లు చదువుదురు, గురువున కేమి చెల్లింతురు, ఏయే గ్రంథములు పఠింతురు - ఇవి ఆయన ప్రశ్నలు. బడుల నిర్వహణలో తల దూర్చు తలంపు తనకు లేదనియు స్పష్టము చేసెను.

ప్రత్యుత్తరములలో బళ్ళారి కలెక్టరు క్యాంబెల్ 1823లో పంపినది మిక్కిలి విలువైనది. నేటి కర్నూలు ప్రాంతపు ఆదోని, ఆలూరు నాడు బళ్ళారి జిల్లాలోనివే. జిల్లా జనసంఖ్య 9,27,857, బడులు 533, చదువువారు 6,641 మంది మాత్రమే. అయిదవయేట విఘ్నేశ్వరపూజతో చదువు మొదలగును. పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుదురు. ఉదయమున మొదట వచ్చినవాని అరచేత సరస్వతి పేరు, రెండవవాని చేత సున్న. మూడవవానికి ఒక దెబ్బ, నాల్గవవానికి రెండు, ఇట్లు వరుస పెరుగును. పెద్ద పిల్లలు చిన్నవారికి పాఠము చెప్పుదురు. రామాయణ భారత భాగవతములు ముఖ్య పాఠ్యములు.

అయితే ఆ పద్యముల భాష వేఱు, ఇంటి భాష వేఱు. పిల్లవాడు చిలుకవలె వల్లించును. అర్థము వానికి తెలియదు, పెక్కుచోట్ల గురువునకును తెలియదు. క్యాంబెల్ ఎత్తిచూపిన ప్రధాన లోపమిది. కంఠస్థము చేయుటయే దోషమని నేననను. పద్యము నోటికి వచ్చిన పిదప దాని అర్థము విప్పి చెప్పువాడు లేకుండుటయే దోషము. రెండవ లోపము పేదఱికము. సీమగుడ్డ దిగుమతి వలన నేతగాండ్ర బ్రతుకు చెడెననియు, బిడ్డలను బడికి పంపలేని తల్లిదండ్రులు పెరిగిరనియు, సర్కారు సాయము ఒక్క బడికిని లేదనియు ఆయన దాచక వ్రాసెను.

కడప నివేదిక 1825 నాటిది. అందు ఒక చిత్రము మనస్సును పట్టును. పది మొదలు పదునాఱేండ్ల లోపు పేద బ్రాహ్మణ బాలురు పది మైళ్ళు, ఒక్కొక్కప్పుడు నూఱు మైళ్ళు నడచి గురువును వెదకికొని పోవుదురు. గురువు చదువు ఉచితముగా చెప్పును, కాని తానే పేద గనుక అన్నము పెట్టలేడు. ఆ పరాయి పిల్లలను ఏండ్ల తరబడి పోషించినవారు ఆ గ్రామస్థులు.

నివేదికలన్నియు చేరిన పిదప 1826 మార్చి 10న మన్రో తన నిర్ణయము వ్రాసెను. రాజధానిలో బడులు 12,498, పిల్లలు 1,88,650, వారిలో బాలికలు 4,540 మంది మాత్రమే. బడిపంతులు రాబడి నెలకు ఆఱేడు రూపాయలు మించుట అరుదనియు, అంతకు సమర్థులు రారనియు ఆయన కనుగొనెను. అందుచే జిల్లాకు రెండు, తాలూకాకు ఒకటి చొప్పున బడులు, వాని ఉపాధ్యాయులకు నెలకు పదునైదు, తొమ్మిది రూపాయల వేతనములు, మద్రాసులో వారికి శిక్షణ ప్రతిపాదించెను.

మఱుసటి యేడు, స్వదేశమునకు మరలుటకు ముందు దత్తమండలమును చూడవచ్చి, 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో మరణించెను. గుత్తిలో ఖననము చేసి, 1831లో అస్థికలను మద్రాసు కోటలోని చర్చికి తరలించిరి. 1830 నాటికి తాలూకా బడులు సుమారు డెబ్బది వెలసెను. 1836లో వానిని ఎత్తివేసిరి. వీధిబడి పంతులు మరల ఊరివారి దయపైననే బ్రతుకవలసి వచ్చెను.